కొనువాడు అడుగకపోయిన యెడల

ఈ నెల ధ్యానమునకు చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 21:28-36, లేవీయకాండము 6:1-7, సామెతలు 20:14, లూకా 10:25-37.



పాత ఫోను అమ్ముటను గూర్చి సంఘపత్రికలో వ్రాయుట ఏమిటని మీలో కొందరికి తోచవచ్చును. పాపమును గూర్చి బోధించునప్పుడు మేము సారాను గూర్చియు, జూదమును గూర్చియు, పగను గూర్చియు చెప్పుచుందుము. ఇంటి అరుగు మీద కూర్చుండి అయిదు నిమిషములలో ముగించిన బేరము ఆ పట్టికలోనికి రాదు. అయినను నా సేవాకాలములో నా మనస్సాక్షిని మిక్కిలి గాయపరచినది అట్టి బేరమొక్కటే. దానిని దాచిపెట్టి ఇతరులకు నీతి బోధించుట నాకు తగదని ఎంచి ఈ సంగతి వ్రాయుచున్నాను. ఇందులో చెప్పబడిన యౌవనుని అనుమతి తీసికొనియే వ్రాయుచున్నాను. వాని పేరు మాత్రము వ్రాయను.

రెండు సంవత్సరముల క్రిందట నాయొద్ద ఒక ఫోనుండెను. దానిని 14,000 రూపాయలకు కొని మూడేండ్లు వాడితిని. చూచుటకు చక్కగానే యుండెను. అద్దము మీద గీత కూడ లేదు. అయితే దానిలో నాకు మాత్రమే తెలిసిన దోషమొకటుండెను. చార్జింగు నూటికి నలుబది, ముప్పదియైదు ఉన్నదని అంకె చూపుచుండగానే అది హఠాత్తుగా ఆగిపోవును. మరల చార్జరు పెట్టువరకు లేవదు. రిపేరు కొట్టు కుఱ్ఱవానికి చూపితిని. బ్యాటరీ పాతబడినదనియు, లోపల బలము తగ్గినందున ఫోనుకు కావలసిన ఒత్తిడి ఒక్కసారిగా అందక ఆగిపోవుచున్నదనియు, పైన కనబడు అంకెను నమ్మరాదనియు వాడు చెప్పెను. మార్చుటకు వెయ్యి రూపాయలగుననెను. ఎటులైనను క్రొత్తది కొనదలచితిని గదా, దీనికి వెయ్యి ఎందుకని ఊరకుంటిని.

రాజాం వెళ్ళి క్రొత్త ఫోను కొనిన వారమునందే మా సంఘపు యౌవనుడొకడు మా యింటికి వచ్చెను. చెన్నపట్నములో మేడలు కట్టు పనికి బయలుదేరుచున్నాడు. వానియొద్దనున్నది మీటల ఫోను. "పెద్ద ఫోనుంటే మామ్మతో మొకం సూసి మాటాడొచ్చండి, అయ్యగారూ" అనెను. తల్లి చిన్నతనమందే పోయినందున నాయనమ్మే వానిని పెంచినది. నేను ఫోను తెచ్చి చేతికిచ్చితిని. వాడు దానిని అటునిటు త్రిప్పి చూచి, రెండు ఫోటోలు తీసి, ఎంతకిస్తారని అడిగెను. అయిదు వేలంటిని. "అన్నీ సూసుకో నాయనా" అని కూడ అంటిని. అందుకు వాడు నవ్వి, "అయ్యగారి ఫోనే కదండీ, మరేటి సూసేది?" అనెను.

నేనేమియు మాటలాడలేదు. వాడు డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళెను. లోపలనుండి మా యింటామె వచ్చి, "ఆ బ్యాటరీ సంగతి అబ్బాయికి చెప్పారా?" అని అడిగెను. "వాడు అడుగలేదు గదా" అని చెప్పితిని.

ఆ సంవత్సరము మే నెలలో ఒక రాత్రి తొమ్మిది గంటల వేళ ఆ ముసలమ్మ ప్రభువునందు నిద్రించెను. మనుమనికి ఫోను చేసిరి, స్విచ్ఛాఫ్. రాత్రంతయు చేసిరి. వానితో పనిచేయువారి నంబరు ఎవరియొద్దను లేదు. తెల్లవారినది, మధ్యాహ్నమైనది. ఎండ మండిపోవుచున్నది, శవమును ఉంచుటకు వీలులేదు. సాయంత్రము భూస్థాపన చేసితిమి. నేను వాక్యము చదువుచుండగా ఆ కుఱ్ఱవాని తండ్రి సమాధి దగ్గరనుండి నాలుగడుగులు అవతలికి పోయి మరల ఫోను చేయుచుండెను. ఆ ఫోనులోనుండి వచ్చు యంత్రపు మాట నా చెవిని పడెను: మీరు పిలుచుచున్న ఫోను ఆపివేయబడియున్నదట. అది ఎందుకు ఆగియున్నదో ఆ శ్మశానములో నిలిచినవారిలో నాకొక్కనికే తెలియును.

వాడు మరునాటి ఉదయము వచ్చెను. నన్ను చూచి చేతులు పట్టుకొని, "రాత్రి ముప్పై అయిదు ఉందండి. సార్జింగు ఎట్టకుండా తొంగున్నాను. పొద్దున్నే పనిలోకి ఎలిపోనాను. నా తప్పేనండి, అయ్యగారూ" అని ఏడ్చెను.

సహోదరులారా, నేను అబద్ధమాడితినా? ఫోను బాగున్నదని నా నోట రాలేదు. వాడు అడిగిన ప్రశ్నకు తప్పు జవాబియ్యలేదు. చూచుకొమ్మని కూడ చెప్పితిని. మరి నా హృదయము నన్ను దోషిగా ఎందుకు నిలువబెట్టెను? అడుగని సంగతి చెప్పకుండుట పాపమా? ఇది ఈ దినమున మనము ఆలోచింపవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న ఫోనులతో పుట్టినది కాదు. మన తండ్రులు దీనిని పశువుల సంతలలో ఎరిగియున్నారు. నారాయణవలస సంతకుగాని, మానాపురము సంతకుగాని ఎడ్లను తోలుకొని వెళ్ళిన పెద్దలనడుగుడి. కొనువాడు పళ్ళు చూచి వయస్సు లెక్కించును, సుడులు చూచును, నడిపించి గిట్టలు చూచును. అమ్మువాడు పాలావును తెచ్చిన దినమున ఉదయము పాలు పిండక పొదుగు నిండుగా కనబడునట్లు తోలుకొనివచ్చును. అతడు నోట అబద్ధమాడనక్కరలేదు. పొదుగే అతని పక్షముగా అబద్ధమాడును. నా ఫోను అద్దము మీద గీత లేకుండుట అట్టిదే. పైన ముప్పదియైదని చూపిన అంకె కూడ అట్టిదే.

మన దేశపు చట్టము ఈ విషయమై ఏమనుచున్నదో వినుడి. ఒప్పందముల చట్టము 1872వ సంవత్సరములో వచ్చినది, నేటికిని అమలులోనున్నది. దానిలో 17వ సెక్షను మోసమనగా ఏమో వివరించుచున్నది. అచ్చట ఒక గుఱ్ఱమును దృష్టాంతముగా చూపిరి. ఒకడు తన గుఱ్ఱమునకు జబ్బున్నదని ఎరిగియుండి వేలములో అమ్మును. జబ్బును గూర్చి ఏమియు చెప్పడు. చట్టము దీనిని మోసమనదు. ఊరకుండుట మాత్రమే మోసము కాదనునది దాని సామాన్య సూత్రము. ఇది చదివినప్పుడు నాకు కొంత ఊరట కలిగెనని ఒప్పుకొందును. చట్టము నన్ను విడిచిపెట్టినది గదా!

కాని ఆ దృష్టాంతము అక్కడ ఆగలేదు. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని సొంత కుమార్తె అయిన యెడల ఏమి? అప్పుడు ఆ సంబంధమునుబట్టి గుఱ్ఱపు జబ్బును చెప్పుట అతని విధియని చట్టము పలుకుచున్నది. ఇంకొకటి కూడ ఉన్నది. కొనువాడు, నీవు కాదనని యెడల గుఱ్ఱము బాగున్నదని నేననుకొందునని చెప్పగా అమ్మువాడు ఊరకుండిన యెడల, ఆ మౌనము నోటి మాటతో సమానమట.

నా ఊరట అక్కడితో ముగిసెను. అయ్యగారి ఫోనే కదా, మరేమి చూచుటయని ఆ కుఱ్ఱవాడన్న మాట ఏమి? నీవు కాదనకపోతివి గనుక బాగున్నదనుకొనుచున్నానని చెప్పుట కాదా? వాడు ప్రశ్న అడుగలేదనుకొంటిని. వాడు అడిగెను; నన్ను నమ్ముటయే వాడడిగిన ప్రశ్న. నేను ఊరకుండుటయే నేనిచ్చిన జవాబు.

ఆ కుమార్తె మాటను కూడ విడువకుడి. చట్టము సొంత కుమార్తె దగ్గర ఒక గీత గీసినది. గీతకు ఇవతలివారికి చెప్పవలెను; అవతలివారు తామే చూచుకొనవలెను. లూకా సువార్తలో ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువునొద్దకు వచ్చి అడిగినది ఈ గీతను గూర్చియే. నా పొరుగువాడెవడని అడుగుటలో, ఎవనివరకు నేను పొరుగువానిగా ఉండవలెను, ఎవనితో ఆ బాధ్యత ముగియును అను లెక్క ఉన్నది. ప్రభువు గీతయొక్క కొలత చెప్పలేదు. దారిలో పడియున్నవానిని చూపి, వీనికి పొరుగువాడైనది ఎవడని తిరిగి అడిగెను. ఆదివారము గుడిలో మనము ఒకరినొకరము సహోదరుడా, సహోదరీ అని పిలిచికొందుము. సోమవారము బేరములో ఆ సహోదరుడు ఊరు పేరు తెలియని కొనుగోలుదారుడైపోవునా? అట్లయిన యెడల ఆ పిలుపు ఎందుకు?

ఈ వాదము క్రైస్తవులము మనమే మొదలుపెట్టినది కాదు. క్రీస్తునకు పూర్వము 44వ సంవత్సరమున రోమా దేశస్థుడైన కికెరో తన కుమారుని నిమిత్తము మనుష్యుల విధులను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అందులో డయోజెనీసు అను గురువునకును, ఆంటిపేటరు అను ఆయన శిష్యునికిని ఇట్టి విషయములో కలిగిన భేదము చెప్పబడినది. ఒకడు ఇల్లు అమ్ముచున్నాడు. గదులన్నిటిలో పాములు తిరుగునని అతనికి మాత్రమే తెలియును. చెప్పవలెనా? గురువు అక్కరలేదనెను. ఇతడు ఎవనిని బలవంతము చేయలేదు. నా యిల్లు చెడ్డదని చాటించి అమ్ముకొనువాడెవడైన ఉండునా అని నవ్వెను. శిష్యుడు ఒప్పుకొనలేదు. చెప్పకుండుట దారి తప్పినవానికి దారి చూపకుండుటకంటె చెడ్డది, ఏలయనగా వానిని ఎరిగి ఎరిగి తప్పుదారిలోనికి నడుపుటయే అనెను. కికెరో శిష్యుని పక్షముననే నిలిచెను. ఊరకుండుట వేరు, దాచుట వేరని అతడు భేదము చూపెను. నీ లాభముకొరకు, తెలియవలసినవానికి తెలియకుండవలెనని నీవు కోరుటయే దాచుట. పాముల యిల్లనగా ఏమో మన పల్లెలవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ధర్మశాస్త్రము తన చేతిలో లేని ఆ మనుష్యునికి ఈ మాత్రము తెలిసియుండగా, దానిని ప్రతి ఆదివారము చదువుచున్న నేను ఎట్లు తప్పించుకొందును?

ఇక దేవుని వాక్యమునకు వత్తము. నిర్గమకాండము ఇరువదియొకటవ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి యున్నది. దానిని నిదానముగా చదువుడి. ఎద్దు ఒకనిని పొడిచి చంపిన యెడల ఎద్దునకు శిక్ష కలుగును గాని దాని యజమానుడు నిర్దోషి. అయితే ఆ ఎద్దు మునుపటినుండి పొడుచునదై, ఆ సంగతి యజమానునికి తెలియజేయబడియుండియు అతడు దానిని కట్టివేయకపోయిన యెడల, దోషము యజమానునిది. ఒక్క ఎద్దే, ఒక్క కొమ్మే, చేసిన కీడు ఒక్కటే. తీర్పు మారుటకు కారణమేమి? అతనికి తెలియును. ఆ తరువాత గొయ్యి త్రవ్వి కప్పకపోయినవాని సంగతియు చెప్పబడినది. ఇతరుల పశువు ఆ గోతిలో పడిన యెడల గొయ్యి యజమానుడు నష్టమిచ్చుకొనవలెను. దారినపోవువాడు గోతిని గూర్చి అడుగలేదు గదా అను జవాబు మోషే ధర్మశాస్త్రములో చెల్లదు.

ఇది మనకు కొలబద్ద. నాకు తెలియనిదానిని గూర్చి దేవుడు నన్నడుగడు. నేనమ్మిన ఫోను నాకు తెలియని దోషముచేత మరునాడే చెడిపోయిన యెడల అది పొడిచిన ఎద్దు మాత్రమే. నాకు తెలిసినదానిని కొనువానికి తెలియనియ్యక చేతులు దులుపుకొనిన యెడల అది నేను కట్టని ఎద్దు.

ఇచ్చట న్యాయమైన ఆక్షేపణలు కొన్ని ఉన్నవి. వాటికి జవాబు చెప్పకుండ దాటిపోరాదు.

మొదటిది: పాత వస్తువు పాతదేయని కొనువానికి తెలియదా? తెలియును. పాతదనమును చెప్పనక్కరలేదు, కంటికి కనబడునదానిని చెప్పనక్కరలేదు. చూచినను కనబడనిదానిని చెప్పవలెను. అయిదు నిమిషములు చేతపట్టుకొని చూచువానికి దొరకక, అయిదు దినములు వాడినవానికి దొరకు దోషమేదో అదియే మనము నోరు తెరచి చెప్పవలసినది.

రెండవది: బేరమాడుట కూడ పాపమా? కాదు. కొనువాడు బాగులేదు, బాగులేదని తీసివేసి, కొనిన తరువాత లాభము కలిగెనని అతిశయపడునని సామెతల గ్రంథకర్త ఎప్పుడో కనిపెట్టెను. అమ్మువాడు మరికొంత అడుగును, కొనువాడు మరికొంత తగ్గించును. వెల ఇద్దరి యెదుటనున్న సంగతి. దానిని గూర్చి ఇద్దరును పోరాడవచ్చును. దోషము ఒక్కని యెదుటనే యున్న సంగతి. నేను ఎంత తక్కువకు ఇయ్యగలనో చెప్పనక్కరలేదు. ఏమి ఇచ్చుచున్నానో చెప్పక తప్పదు.

మూడవది: పట్నములోని కొట్టుకు పాత ఫోనిచ్చి క్రొత్తది మారకము చేయునప్పుడు ఏమి? కొట్టువాడు ఆరితేరినవాడు, తానే యంత్రము పెట్టి పరీక్షించుకొనును గదా! నిజమే. అతడు గ్రుడ్డివాడు కాడు, మన దయను కోరినవాడును కాడు. అయినను అతడు అడిగినదానికి సత్యము చెప్పవలెను. అతని పరీక్షకు చిక్కని పెద్ద దోషము మనకు తెలిసిన యెడల దానిని కూడ చెప్పవలెను. ఏలయనగా కొట్టువాడు ఆ ఫోనును తినడు. అది బాగుచేయబడి, తుడువబడి మరల అమ్మబడును. దానిని కొనువాడు ఎవడు? క్రొత్తది కొనలేనివాడు. మన చేతిని విడిచిన దోషము దళారి చేతిలో ఆగిపోదు. మెట్టుమెట్టుగా దిగి క్రిందివాని చేతిలో పడును. తాలు గింజలను ధాన్యమని దరిద్రులకు అమ్మినవారి మీద ఆమోసు ప్రవక్త ఎంత కోపపడెనో ఎనిమిదవ అధ్యాయములో చదువుడి. తాలు ఎప్పుడును గొప్పవాని గాదెలోనికి పోదు.

నాలుగవది అన్నిటికంటె కష్టమైనది: అమ్మువాడే బీదవాడైన యెడల ఏమి? దోషము చెప్పినందున వెయ్యి రూపాయలు తగ్గును. ఆ వెయ్యి వాని యింట బియ్యము. దీనిని చులకనగా నేను చెప్పజాలను. నాకు ఆ యిబ్బంది లేకుండెను. ఇంతమాత్రము చెప్పగలను. ఆ వెయ్యి ఎచ్చటికిని పోలేదు. కొనువాని యింటి బియ్యములోనుండి వచ్చినది. మన ఊళ్ళలో పాత ఫోను అమ్మువాడును కొనువాడును తరచుగా ఒక్క వీధివారే.

మనవారికి ఫోను సొగసు వస్తువు కాదు. కష్టకాలములో అది ఎంత అవసరమో మన రెండు జిల్లాలవారికి తెలియును. 2014 జూను 28వ తేదీన చెన్నపట్నము మౌలివాక్కములో కట్టుచున్న పదకొండంతస్తుల మేడ కూలి 61 మంది చనిపోయిరి. వారిలో అనేకులు మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి కూలికి పోయినవారు. ఆ దినములలో మన పల్లెలలో ఎన్ని యిండ్ల వారు తమ బిడ్డ గొంతు కొరకు ఫోను పట్టుకొని కూర్చుండిరి! 2020వ సంవత్సరము కరోనా కాలములో గుజరాతులోని వేరావలు రేవున చిక్కుకొని, ఏప్రిలు చివర బస్సులలో తిరిగివచ్చిన మన సముద్రతీరపు మత్స్యకారుల సంగతియు అట్టిదే. వలస పోయిన బిడ్డకును ఇంటికిని నడుమనున్న త్రాడు ఈ ఫోను. తెగుటకు సిద్ధముగానున్న త్రాడును, తెగునని ఎరిగి, గట్టిదని నమ్మినవాని చేతికి నేనిచ్చితిని.

చెప్పవలసినదానిని చెప్పకుండుటను గూర్చి ఇంతవరకు వ్రాసితిని. పాత ఫోనులో దీనికి ఎదురైన తప్పు ఒకటున్నది: దాచవలసినదానిని దాచకుండుట. మన పెద్దలు ఎద్దునమ్మిన యెడల పలుపు విప్పుకొని తెచ్చుకొనెడివారు. మనము ఫోనునమ్మునప్పుడు దానిలో ఎవరి సంగతులున్నవో చూచుచున్నామా? నా ఫోనులో పింఛను దరఖాస్తు కొరకు విధవరాండ్రు పంపిన ఆధార్ కార్డుల ఫోటోలుండెను, బ్యాంకు పుస్తకములుండెను, ప్రార్థించుమని ఏడ్చుచు పంపిన మాటలుండెను. అవి నావి కావు, నాకు అప్పగింపబడినవి. అమ్ముటకు నాకు హక్కున్నది ఆ డొక్కు మాత్రమే. ఈ విషయములో మాత్రము నా కుమారుని సహాయముచేత నేను జాగ్రత్తపడితిని.

గనుక అమ్మకముందు ఈ పనులు చేయుడి. సిమ్మును, మెమరీ కార్డును తీసికొనుడి. కావలసిన ఫోటోలను వేరొక చోట భద్రపరచుకొనుడి. డబ్బు పంపు యాపులనుండి బయటికి రండి. గూగుల్ ఖాతాను తీసివేసి, తరువాత ఫోనును మొత్తము తుడిచివేయు ఏర్పాటును నడిపించుడి. ఖాతా తీయకుండ తుడిచిన యెడల, కొనినవాడు తెరచునప్పుడు ఫోను మీ పాత ఖాతాను అడుగుచు తాళము పడును. వాడు డబ్బిచ్చి రాయిని కొనినట్లగును. ఒక్కొక్క ఫోటోను చెరిపిన చాలదు. ఇంటిలో చదువుకొనిన పిల్లలుండిన యెడల వారినడుగుడి, అడుగుటకు సిగ్గుపడకుడి.

కొనువారికిని ఒక మాట. అతి చవుకగా వచ్చిన ఫోను ఎక్కడిదో విచారింపకుండుట కూడ ఒక మౌనమే. ప్రతి ఫోనుకు పదునైదు అంకెల గుర్తుసంఖ్య యున్నది, ఐఎంఇఐ అందురు. స్టారు, హ్యాషు, సున్న, ఆరు, హ్యాషు నొక్కిన యెడల అది కనబడును. కేవైఎం అని కొట్టి, కొంత ఎడము విడిచి, ఆ సంఖ్య వ్రాసి 14422 నంబరుకు సందేశము పంపిన యెడల ఆ ఫోను వివరము తెలియును. పోయిన ఫోనులను కనిపెట్టుటకును, ఏ కంపెనీ సిమ్ము వేసినను పనిచేయకుండ ఆపివేయుటకును ప్రభుత్వమువారు 2023 మే నెలలో సంచార్ సాథీ అను ఏర్పాటును దేశమంతటికి తెచ్చిరి. బిల్లు చూపుమని అడుగుట అమ్మువానిని అవమానించుట కాదు. నిజమైనవాడు సంతోషముగా చూపును.

ఇప్పుడు నా సంగతి ముగింతును. భూస్థాపనయైన మూడవ దినమున నేను ఆ యింటికి వెళ్ళితిని. వెళ్ళకముందు లేవీయకాండము ఆరవ అధ్యాయము చదువుకొంటిని. పొరుగువానిని వంచించి సంపాదించినవాడు మూలధనమును మరల ఇచ్చి, దానిలో అయిదవ వంతు కలిపి ఇయ్యవలెనని అక్కడ ఉన్నది. బలి అర్పించుట ఆ తరువాతి మాట. అయిదు వేలకు అయిదవ వంతు వెయ్యి. బ్యాటరీ వెల అంతే గదా అని నాకు అప్పుడు తట్టెను. మొదటనే ఆ వెయ్యి పెట్టియుండిన యెడల ఈ యాత్ర నాకు లేకపోవును. ఆరువేల రూపాయలు జేబులో పెట్టుకొని వెళ్ళితిని.

తండ్రి ఎదుటనే ఆ కుఱ్ఱవానితో చెప్పితిని: "నాయనా, ఆ రాత్రి తప్పు నీది కాదు. ఆ ఫోను ముప్పదియైదు దగ్గర ఆగిపోవునని నాకు ముందే తెలియును. తెలిసే నీకమ్మితిని."

తండ్రి తల వంచుకొనెను. కుఱ్ఱవాడు ఫోనును చేతిలో త్రిప్పుచు చాలసేపు ఊరకుండెను. తరువాత, "సెప్పుంటే నాను కొందునండి, అయ్యగారూ. అయిదు వేలకి కాదుగానీ కొందును. రాత్రేల సార్జరు ఎట్టుకుని తొంగుందును" అనెను.

వాడు అయిదు వేలు నాకు తిరిగి ఇచ్చివేసెను; ఫోను కావలెను గదా, బ్యాటరీ కొరకు వెయ్యి మాత్రము ఉంచుకొందునని చెప్పెను. క్షమించితినని వాడనలేదు. అనుమని నేనును అడుగలేదు. చెల్లింపవలసిన డబ్బు చెల్లింపబడినది. సమాధి దగ్గర వాడు లేని ఆ గంటను ఏ అయిదవ వంతు తిరిగి తేగలదు?

వాడన్న మాటను నేను పలుమారు తలంచుకొందును. చెప్పియుండిన యెడల బేరము చెడదు. కొంత వెల తగ్గును, అంతే. దోషము తెలిసినవాడు దానికి తగిన జాగ్రత్త చేసికొనును. దోషము చెప్పుట కొనువానిని పోగొట్టుకొనుట కాదు. వానికి చార్జరు దగ్గర పెట్టుకొను అవకాశమిచ్చుట. నేను మిగుల్చుకొనినది వెయ్యి రూపాయలు. వానికి లేకుండ చేసినది ఆ అవకాశము.

గనుక, ప్రియులారా, మీరు పాత ఫోను అమ్మినను, ఎద్దునమ్మినను, మోటారు సైకిలు అమ్మినను, విత్తనములు అమ్మినను, డబ్బు చేతిలో పడకముందు ఒక్కసారి మిమ్మును మీరు ప్రశ్నించుకొనుడి: దీనిని నా కుమార్తెకు అమ్ముచున్న యెడల నేనేమి చెప్పియుందును? ఆ మాటను ఎదుటనున్నవానితో చెప్పుడి. అతడు అడుగకపోయినను చెప్పుడి. మిమ్మును నమ్మి అడుగకపోయిన యెడల మరి ముందుగా చెప్పుడి.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనుటకు:

1. మన యింట అమ్మదలచిన వస్తువులో, చూచువానికి కనబడక మనకు మాత్రమే తెలిసిన లోపమేది?

2. మనమమ్మిన వస్తువువలన ఎవరైనను తమదే తప్పని తమ్మును నిందించుకొనుచున్నారా?

3. మన ఫోనులో ఇతరులు మనకు అప్పగించిన సంగతులేవి? అది మన చేతిని విడుచునప్పుడు వాటికి కాపరి ఎవరు?

ప్రార్థన: మా హృదయములను ఎరిగిన తండ్రీ, మేము పలికిన అబద్ధములను మాత్రమేగాక, మా లాభము కొరకు పలుకక దాచిన సత్యములను కూడ మాకు చూపుము. మమ్మును నమ్మి ప్రశ్న అడుగనివారియెడల మమ్మును నమ్మకమైనవారిగా చేయుము. తిరిగి ఇయ్యగలిగినదానిని ఆలస్యము చేయక ఇచ్చుటకు బలమిమ్ము. తిరిగి ఇయ్యలేనిదాని విషయములో నీవే ఆదరణ కలిగించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.